అల్లుడు లేని ఫోటో

"ఈ పొలంలో నేరం జరగబోతోంది. అది జరిగే వేళకి నేనిక్కడ ఉండడం నేరస్థుడి దురదృష్టం!"

వ్యాను దిగీ దిగకముందే డేగకన్ను ఈ ప్రకటన చేశాడు. ఆ పేరు ఆయన తనకు తానే పెట్టుకున్నది. జీవితమంతా తపాలా ఆఫీసులో ఉత్తరాల మీద ముద్రలు కొట్టి రిటైరైన మనిషి. దగ్గరి చూపు, దూరపు చూపు రెండూ అంతంతమాత్రమే. పరిశోధనలో మాత్రం ఆయనది సొంత పద్ధతి. ఆధారాలు ముందే ఏరిపెట్టుకుంటే నేరం జరిగాక వెతుక్కునే పని తప్పుతుందంటాడు. అందుకే గేటు దగ్గర్నుంచి పశువుల కొట్టం దాకా నేల మీద కనిపించిన ప్రతి వస్తువునూ కవరులో వేసి, భుజాన వేలాడే సంచిలో పడేస్తూ నడిచాడు.

వెనకాల అల్లుడు కెమెరా స్టాండు మోసుకొస్తున్నాడు. డేగకన్ను పిల్లనిచ్చిన మామగారికి స్వయానా తమ్ముడాయె, అల్లుడేమంటాడు?

అల్లుడు ఫోటోగ్రాఫరు. ఇంటిల్లిపాదికీ ఫోటోలు తీసేది అతనే కాబట్టి, అత్తగారి గోడ నిండా ఉన్న ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ అతను లేడు. ఆ మధ్య చుట్టాలావిడ ఒకరు వచ్చి, గోడంతా కలియజూసి, గొంతు తగ్గించి, "పాపం, అమ్మాయి భర్త ఏమయ్యాడండీ?" అని అడిగింది. అప్పుడతను పక్కగదిలో కాఫీ తాగుతున్నాడు. అత్తగారికి తల కొట్టేసినంత పనైంది. ఈసారి అల్లుడు లేని ఫోటో తన గోడకెక్కదని ఒట్టు పెట్టుకుంది. అల్లుడు పైకి నవ్వేశాడు గానీ, ఆ మాట అతనికీ గుచ్చుకుంది. రేపు పాప పెద్దదై ఆ గోడ చూస్తే, నాన్న ఏడని అడగదూ?

పొలం అతని భార్య స్నేహితురాలిది. గడ్డివాము ముందు, ఎండ పక్కనుంచి పడేలా అందర్నీ నిలబెట్టి, టైమరు పెట్టి, తనూ పరుగెత్తుకెళ్లి మధ్యలో నిలబడాలని అల్లుడి ఆలోచన. తీరా స్టాండు విప్పాక చూస్తే కెమెరా అడుగున ప్లేటు లేదు. చిన్న ముక్కే గానీ, అది లేనిదే కెమెరా స్టాండు మీద నిలవదు.

"పోయింది," అన్నాడు నీరసంగా.

"పోలేదు. మాయం చేశారు," అన్నాడు డేగకన్ను. "ఎవరూ కదలొద్దు!"

ఆవు కదిలింది. దాన్ని కాసేపు తేరిపార చూశాడు.

"పోనీ నేను తీస్తానండీ," అంది పొలం యజమానురాలు, పాలచేతులు తుడుచుకుంటూ.

"ఆహా! నేరం జరిగీ జరగగానే కెమెరా మీద చెయ్యెయ్యాలని ఎంత తొందర! కెమెరా సాక్ష్యం. ముట్టుకుంటే వేలిముద్రలు చెరిగిపోతాయ్," అంటూ దాన్ని తీసి తన మెళ్లో వేసుకున్నాడు.

"చినమావయ్యగారూ, ఎండ కొట్టం వెనక్కి దిగిపోతోంది. కాసేపాగితే ముఖాలు నల్లగా వస్తాయి."

"ముఖాల సంగతి తర్వాత అల్లుడూ. ముందు ముసుగులు తొలగాలి."

విచారణ సొంత అన్నగారితో మొదలైంది.

"ప్లేటు పోయినప్పుడు మీరెక్కడున్నారు?"

"ఎప్పుడు పోయింది?"

"ప్రశ్నలు నేనడుగుతాను!"

"వ్యానులో ఉండుంటాను. దారంతా నా భుజమ్మీద పడి నిద్రపోయింది నువ్వే కదరా."

డేగకన్ను మేకవైపు తిరిగాడు. "ఇది వచ్చినప్పట్నుంచీ ఏదో నములుతోంది."

"మేకండీ. నమలకపోతే అనుమానించాలి," అంది యజమానురాలు.

ఆయన వంగి మేక పొట్టకి చెవి ఆనించాడు. ముఖం వెలిగిపోయింది. "లోహపు చప్పుడు!"

"మెళ్లో గంటండీ."

అత్తగారికి ఒళ్లు మండింది. "ఏమయ్యా మరిదీ, నీ పుణ్యమా అని ఈసారీ అల్లుడు లేని ఫోటోనే అయ్యేట్టుంది."

"వదినా, ఇప్పుడే తేల్చేస్తా. నేరాన్ని మళ్లీ జరిపిద్దాం. అందరూ ఫోటోకి నిలబడ్డట్టే నిలబడండి. అల్లుడూ, నువ్వు బాధితుడివి, మధ్యలోకి పో. నీ స్థానంలో నేనుంటా."

అల్లుడు ఆశ వదులుకుని వెళ్లి పాపని ఎత్తుకున్నాడు. అత్తగారు అతని చొక్కా మీది గడ్డిపరక దులిపింది. డేగకన్ను కెమెరాని కంటికి ఆనించుకున్నాడు.

"మీలో ఒకరు దొంగ! నా చూపు నుంచి ఇంతవరకూ ఎవరూ..."

మేక వెనకనుంచి వచ్చి సంచి పట్టుకు లాగింది.

"వదులు! చట్టానికి అడ్డొస్తున్నావ్! నిన్నే!"

ఆయన ముందుకి, మేక వెనక్కి. గడ్డివాము ముందు అందరూ పగలబడి నవ్వారు. కెమెరా క్లిక్‌మంది. తర్వాత సంచి పట్టీ తెగింది, డేగకన్ను గడ్డిలో కూలబడ్డాడు, ఆధారాలన్నీ నేలపాలయ్యాయి. ఒక సీసా మూత, ఒక బొత్తాం, విరిగిన దువ్వెన, ఒక ప్లేటు.

"బాబాయ్, ఇదెక్కడిది?" అంది అల్లుడి భార్య.

"గేటు దగ్గర దొరికింది. అప్పటికింకా నేరం జరగలేదుగా, దేనికి ఆధారమో తెలీలేదు."

అల్లుడు ప్లేటు బిగించి, టైమరు పెట్టి, పరుగెత్తుకెళ్లి నిలబడ్డాడు. ఫోటో వచ్చింది. ఎండ పోయింది కాబట్టి ముఖాలు నల్లగా ఉన్నాయి. పైగా అందరూ కోర్టులో సాక్ష్యానికి నిలబడ్డట్టున్నారు.

దానికి ముందు, మేక సంచి లాగినప్పుడు క్లిక్‌మన్న ఫోటో చూశాడు. ఎండ పక్కనుంచి పచ్చగా పడుతోంది. అత్తగారు తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. మామగారికి పళ్లున్నాయని తెలుస్తోంది. మధ్యలో పాపని ఎత్తుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్న మనిషి తనే. చాలాసేపు అలాగే చూశాడు.

"నేనిలా నవ్వుతానా?"

"ఎప్పుడూ ఇలాగే. మీకు చూసుకునే వీలు లేదంతే," అంది భార్య.

ఫోటో మూలన గులాబిరంగు ముద్దలా ఏదో అడ్డొచ్చింది. డేగకన్ను బొటనవేలు. కత్తిరించేస్తానన్నాడు అల్లుడు.

"వద్దు నాయనా. మా మరిదీ ఉండాలిగా," అంది అత్తగారు.

ఇప్పుడు గోడ మీద అన్నిటికన్నా పెద్ద ఫోటో అదే. అమ్మాయి భర్త ఏమయ్యాడని ఎవరూ అడగరు. మూలన అదేమిటని అడుగుతారు.

"కేసు నడుస్తోంది," అంటాడు డేగకన్ను గొంతు తగ్గించి. "నేరస్థుడు వేలు వదిలి వెళ్లాడు. ఎవరిదో తేలాలి. మేకని మాత్రం వదిలేశాను, దానికి బొటనవేలు లేదు."