ఇంకా రాని జమ్ముకొంగ

పక్షి వచ్చిందా, రాలేదా అన్నది పక్షి చేతిలో ఉన్న విషయం కాదు. అది పక్షి సందర్శకుల సంఘం తేల్చవలసిన విషయం. (పక్షికి చేతులెక్కడివని ఒక సభ్యుడు లేవనెత్తిన అభ్యంతరాన్ని సంఘం రెండు సమావేశాల్లో చర్చించి, రెక్కలు చేతుల కిందికే వస్తాయని తీర్మానించింది.) ఊరిని ఆనుకుని ఉన్న మంచినీళ్ళ చెరువుకు ఏటా ఆకులు రాలి చలి ముదిరేలోగా ముప్ఫై ఒక్క రకాల వలస పక్షులు వస్తాయి. ముప్ఫై రెండో రకం రాదు. రాదంటే, వచ్చినా వచ్చినట్టు కాదు.

ఈ ఏర్పాటు గురించి బొత్తిగా తెలియని మనిషి ఆ చెరువు గట్టు మీద ఒక్కడే ఉండేవాడు. అతను తూము కాపరి. పదకొండేళ్ళుగా ఉదయం ఆరింటికి తూము మెట్లు దిగి, కొలబద్ద మీద నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసి, రిజిస్టరులో రాసి, మెట్లెక్కి వస్తున్నాడు. మాట తక్కువ. రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో నాలుగు నీళ్ళతోనే అని అతని భార్య కుట్టుమిషను తొక్కుతూ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

ఆ మంగళవారం, పద్నాలుగో తారీఖున, తూము పక్కనున్న జమ్ముగడ్డి గాలికి ఒక్కసారిగా ఒక వైపు వంగింది. ఒక్క కాడ మాత్రం అర క్షణం ఆలస్యంగా వంగింది. కాపరి అక్కడే ఆగిపోయాడు. ఆ కాడకు కన్నుంది. ముక్కు ఆకాశం వైపు నిక్కించి, మెడ సాగదీసి, ఒంటి మీది గోధుమరంగు చారలను జమ్ము చారల్లో కలిపేసి, గాలి వీచినప్పుడల్లా తానూ ఊగుతూ జమ్ముకొంగ నిలబడి ఉంది. అతను రిజిస్టరు అంచున పెన్సిలుతో ఒక చుక్క పెట్టాడు. ఏటా ఒకటి చొప్పున అది పదకొండో చుక్క.

సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పుతూ, "వచ్చింది" అన్నాడు.

భార్య మిషను ఆపింది. "ఎవరూ, మీ అక్కా?"

"జమ్ముకొంగ."

"హమ్మయ్య" అని ఆమె మళ్ళీ మిషను తొక్కింది.

విషయం అక్కడితో ముగిసిపోవలసింది. పదేళ్ళూ అలాగే ముగిసింది. కానీ ఈ ఏడు ఆ టీ వేళకే బావమరిది వచ్చాడు. అతనికి గడ్డి కోసే యంత్రం ఉంది. నీటి సరఫరా కార్యాలయం వాళ్ళు ఎక్కడ కోయమంటే అక్కడ కోస్తాడు. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు.

"బావా, నీ తూము పక్కన జమ్మంతా కోసెయ్యమన్నారు. వచ్చే సోమవారం, ఇరవయ్యో తారీఖు. నీ చెవిన వేసి పోదామని వచ్చా."

కాపరి కప్పు కింద పెట్టాడు. కాగితం తనవైపు తిప్పుకుని చివరిదాకా చదివాడు. కార్యాలయం కాగితాలను చివరిదాకా చదివే అలవాటు ఆ ఊళ్ళో అతనికి తప్ప ఎవరికీ లేదు. (రాసినవాళ్ళతో కలిపి.) ఆఖర్న చిన్న అక్షరాల్లో ఉంది: జాబితాలోని వలస పక్షి ఏదైనా ఆ జమ్ములో విడిది చేసినట్టు పక్షి సందర్శకుల సంఘం ధ్రువపత్రం ఇచ్చినచో, కోత వేసవి వరకు వాయిదా వేయవలెను.

"ఉంది కదా మరి, కొంగ" అన్నాడు కాపరి.

"ఉంటే నాదేం పోయింది బావా? కాగితం పట్రా, యంత్రం వెనక్కి తిప్పేస్తా. అయినా జమ్ము పోతే నీకేంటి నష్టం?"

కాపరి కాగితం మడిచి తిరిగిచ్చాడు. "పొద్దున్నే కనిపిస్తే బాగుంటుంది" అన్నాడు.

"మేమందరం కనిపిస్తూనే ఉన్నాంగా" అంది భార్య, దారం కొరుకుతూ.

బావమరిది ఫోన్లో సంఘం వారి యాప్ తెరిచాడు. పక్షి పేరు నొక్కాడు, చోటు నొక్కాడు, తారీఖు నొక్కాడు. కాసేపు ఒక చిన్న పిట్ట గుండ్రంగా తిరిగి, తెర మీద అక్షరాలు వచ్చాయి: 'ఈ పక్షి ఇంకా రాలేదు. దయచేసి ఇరవై మూడో తేదీ తర్వాత ప్రయత్నించండి.'

"మరి తూము దగ్గర నిలబడిందెవరట?" అంది భార్య.

సంఘం అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. సంఘం కార్యాలయం కూడా ఆయన ఆసుపత్రే. గోడకు ఒక వైపు దవడల బొమ్మ, ఇంకో వైపు కొంగల పటం ఉంటాయి. విన్నపాలు చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళకు వేరే కుర్చీ లేదు కాబట్టి వాలు కుర్చీలోనే కూర్చోవాలి. కూర్చున్నాక డాక్టరుగారి చేయి ఊరుకోదు.

"నోరు తెరువు. ఆ, చెప్పవయ్యా, ఏం చూశావు?"

కాపరి నోట్లో అద్దం ఉండగానే చెప్పాడు. అసలే తక్కువ మాటల మనిషి. ఉన్న ఆ కాసినీ అద్దానికి తగిలి వెనక్కి పోయాయి.

"జమ్ముకొంగా? వెనక దవడ పన్ను పుచ్చింది, చూసుకో. బైనాక్యులర్స్‌తో చూశావా?"

కాపరి తల అడ్డంగా ఊపాడు.

"ఉత్త కళ్ళతోనా? ఎంత దూరం నుంచి?"

కాపరి రెండు చేతుల వేళ్ళూ చూపించి, మళ్ళీ రెండు వేళ్ళు చూపించాడు. పన్నెండు అడుగులు.

డాక్టరుగారు బాధగా నిట్టూర్చారు. సంఘం నియమావళి ప్రకారం బైనాక్యులర్స్‌తో చూసినదే చూపు. ఉత్త కళ్ళతో చూసినది వినికిడి కింద నమోదవుతుంది. అదీ సభ్యుడైతేనే. సభ్యుడు కానివాడి వినికిడిని పుకారు అంటారు. పుకారుకు ధ్రువపత్రం ఇచ్చే అధికారం అధ్యక్షుడికి లేదు. పన్ను పీకే అధికారం మాత్రం ఉంది.

"ఆదివారం పందొమ్మిదిన మా శరత్కాలపు ఆఖరి సందర్శన. మేమే మీ తూము దగ్గరికి వస్తాం. మా కళ్ళతో చూస్తే సరిపోయె" అన్నారు డాక్టరుగారు. "ఈలోగా మా కార్యదర్శిని కలువు. రాకపోకల పట్టిక ఆయనదే."

కార్యదర్శి రైల్వేలో టైంటేబుల్ తయారుచేసి రిటైరైన మనిషి. ముప్ఫై ఆరేళ్ళు రైళ్ళకు వేళలు రాశాడు. రైళ్ళు వాటిని పెద్దగా పట్టించుకోలేదన్న దిగులు ఆయన మనసులో ఎక్కడో ఉండిపోయింది. అందుకని పక్షులకు రాయడం మొదలుపెట్టాడు. వరండాలో గోడంతా పరుచుకున్న పట్టికలో ముప్ఫై ఒక్క పక్షులకు వచ్చే తేదీ, పోయే తేదీ, మధ్యలో ఆగే చెరువులు, అన్నీ ఎర్ర సిరాతో ఉన్నాయి. జమ్ముకొంగకు ఎదురుగా 'రాక: 23' అని ఉంది.

"పద్నాలుగునే వచ్చిందండీ" అన్నాడు కాపరి, చెంప పట్టుకుని. (పన్ను అప్పటికి లేదు.)

"చూడవయ్యా. రైలు ఆలస్యంగా రావచ్చు. ఎంతైనా రావచ్చు, దానికి మనం ఒప్పుకుంటాం. ముందుగా రావడం అనేది మాత్రం లేదు. ముందొచ్చిన రైలు ఏం చేయాలి?"

కాపరి పట్టికలోని ఎర్ర సిరా వైపు చూశాడు.

"స్టేషను బయట సిగ్నల్ దగ్గర ఆగాలి. మీ కొంగ ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఉందనుకో."

"తూము దగ్గర ఉందండి."

"అదే, సిగ్నల్ అనుకో అంటున్నా."

కాపరి చంకలోని రిజిస్టరు తీసి విప్పాడు. పదకొండేళ్ళ చుక్కలూ వేలు పెట్టి చూపించాడు. పన్నెండు, పదిహేను, పద్నాలుగు, పదహారు, పదమూడు. ఒక్క ఏడూ పదహారు దాటలేదు. కార్యదర్శి కళ్ళజోడు సవరించుకుని ఓపిగ్గా అన్నీ చూశాడు.

"ఇది నీటిమట్టం రిజిస్టరు" అన్నాడు చివరికి. "ఇందులో కొంగ ఉంటే, కొంగను కూడా నీటిమట్టంగానే లెక్కించాలి."

"మరి ఇరవై మూడు ఎవరు చెప్పారండీ?"

కార్యదర్శి గొంతు మొదటిసారి మెత్తబడింది. "నేనే చూశాను. ఆరేళ్ళ కిందట, ఇరవై మూడున, మీ తూము దగ్గరే. ఎంత దర్జాగా నిలబడిందనుకున్నావు. అంతకు ముందురోజే బైనాక్యులర్స్ కొన్నాను."

ఆదివారం పొద్దున్నే పదిహేడు మంది సభ్యులు ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని చెరువు గట్టు మీదికి వచ్చారు. ప్రతివారి చేతిలోనూ ఆనాడు చూడవలసిన పక్షుల జాబితా ఉంది. అది శుక్రవారమే అచ్చయింది. పేరు ఎదుట 'ఉంది', 'లేదు' అని రెండు గళ్ళు. రావని ముందే తేలిన పక్షుల ఎదుట 'లేదు' గడిలో అచ్చులోనే టిక్కు పెట్టి ఇచ్చారు, సభ్యులకు శ్రమ లేకుండా.

కాపరి జమ్ము వైపు వేలు చూపించాడు. గాలి వీచింది. జమ్ము వంగింది. ఒక కాడ ఆలస్యంగా వంగింది.

పదిహేడు జతల బైనాక్యులర్స్ పైకి లేచాయి. చూశారు, అందరూ చూశారు. పచ్చని కన్ను, మెడ మీది చారలు, ముక్కు చివర వేలాడుతున్న మంచుబొట్టు. కార్యదర్శి కళ్ళు చెమర్చాయి. ఆ కాసేపూ వాళ్ళకు సంఘం గుర్తులేదు. పిల్లల్లా ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

తర్వాత బైనాక్యులర్స్ దించి, జాబితాలు తీసి, జమ్ముకొంగ ఎదుట 'లేదు' మీద టిక్కు సరిగా పడిందో లేదో చూసుకున్నారు.

"చాలా చక్కని పక్షి" అన్నారు డాక్టరుగారు గుసగుసగా. "ఇరవై మూడున తప్పకుండా చూడాలి."

అప్పుడు తూము కాపరి తన ఉద్యోగ జీవితంలోకెల్లా పొడుగైన మాట మాట్లాడాడు. "చూశారు కదండీ. మీ అద్దాలతోనే చూశారు. చూశామని ఒక్క ముక్క రాసివ్వండి. రేపు జమ్ము కోసేస్తారు. కోస్తే అది ఉండదు."

పదిహేడు మందీ జాబితాలు మడిచి జేబుల్లో పెట్టుకున్నారు.

"కనపడటం వేరు, నమోదు కావడం వేరు" అన్నాడు కార్యదర్శి. మాటలో కటువు లేదు. నిజంగానే బాధపడుతున్నాడు. "ఇవాళ దీన్ని ఒప్పుకుంటే, రేపు బాతులు కూడా ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. అప్పుడు పట్టిక ఎందుకు, సంఘం ఎందుకు? మినహాయింపు దరఖాస్తు పెట్టు. బుధవారం సమావేశంలో నేనే మాట్లాడతా."

"కోత సోమవారమండి."

"సమావేశం బుధవారమేనయ్యా. దాన్ని ముందుకు జరపలేం కదా."

దరఖాస్తు మూడు ప్రతుల్లో ఉంది. కాపరి అక్కడే గట్టు మీద కూర్చుని నింపాడు. ఏడో ప్రశ్న: పక్షి గడువుకు ముందే రావడానికి గల కారణములు. ఎనిమిది: ఈ విషయమై పక్షి వైపు నుంచి వివరణ (ఉన్నచో). కాపరి ఏడో దానికి 'చలి' అని రాశాడు. ఎనిమిదో దాని దగ్గర తలెత్తి జమ్ము వైపు చూశాడు. కొంగ ముక్కు పైకెత్తి అలాగే నిలబడి ఉంది. 'ఇక్కడే ఉంది' అని రాశాడు.

సోమవారం బావమరిది యంత్రం తెచ్చి గట్టు మీద ఆపి, బెల్టు తెగిందని కార్యాలయానికి ఫోన్ చేశాడు. "పదకొండు దాకా తెగే ఉంటుంది బావా. ఆ తర్వాత వాళ్ళే వచ్చి చూస్తారు. మీ డాక్టరుకు ఇంకోసారి ఫోన్ కొట్టు."

కాపరి కొట్టాడు. డాక్టరుగారు ఎవరి నోట్లోనో ఉన్నారు.

పదకొండింటికి బెల్టు అతుక్కుంది. యంత్రం మొదటి చాలు తిరిగేసరికి జమ్ములోంచి ఒక కాడ లేచింది. బరువుగా రెక్కలు కొట్టుకుంటూ, కాళ్ళు వెనక్కి వేలాడేసి, నీటికి జానెడు ఎత్తులో చెరువు దాటి, అవతలి గట్టు దాటి వెళ్ళిపోయింది. బావమరిది యంత్రం ఆపి అటే చూశాడు.

"అదేనా?"

"అదే."

"ఇన్నాళ్ళూ నేను దాన్ని ఎండుకట్టె అనుకున్నా బావా" అన్నాడు. మళ్ళీ యంత్రం నడిపాడు. కాపరి రిజిస్టరు తీసి నీటిమట్టం పక్కన 'పదకొండుంబావు' అని రాసుకున్నాడు.

గురువారం, ఇరవై మూడో తారీఖు, ఉదయం ఆరింటికి ఊళ్ళోని పక్షి సందర్శకులందరి ఫోన్లూ ఒకేసారి కూశాయి: 'జమ్ముకొంగ వచ్చింది.' ఏడింటికల్లా పదిహేడు ఆకుపచ్చ టోపీలు తూము దగ్గర వరుస కట్టాయి. ఎదురుగా జమ్ము మోళ్ళూ, బురదలో యంత్రం చక్రాల గాడీ తప్ప ఏమీ లేదు. కార్యదర్శి గడియారం చూసుకున్నాడు. పట్టికలోని పక్షి వేళకు కనపడకపోతే అది రానట్టు కాదు, ఆలస్యంగా నడుస్తున్నట్టు. ఆలస్యంగా నడుస్తున్నది వచ్చినదాని కిందే లెక్క. సభ్యులు నియమం ప్రకారం పావుగంట సేపు మోళ్ళ వైపు బైనాక్యులర్స్ పెట్టి నిలబడి, 'ఉంది' గడిలో టిక్కు పెట్టి, సంతకాలు చేశారు.

డాక్టరుగారు స్వయంగా వచ్చి ధ్రువపత్రం కాపరి చేతిలో పెట్టారు. రెండు ముద్రలు, మూడు సంతకాలు. జాబితాలోని వలస పక్షి అయిన జమ్ముకొంగ సదరు జమ్ములో విడిది చేసి ఉన్నందున కోత వేసవి వరకు నిలుపవలెను.

"నీ పట్టుదల వల్లే సాధించామయ్యా" అన్నారు. "పన్ను ఎలా ఉంది?"

ధ్రువపత్రం అందిన నీటి సరఫరా కార్యాలయం వెంటనే కదిలింది. కోత నిలిపివేసింది. పక్షికి ఎవరూ ఇబ్బంది కలిగించకుండా చూసి, అది ఉన్నట్టు రోజూ ఉదయం నీటిమట్టంతో పాటు రిజిస్టరులో రాయమని తూము కాపరికి ఉత్తర్వు పంపింది. శుక్రవారం పొద్దున అతను మెట్లు దిగి, నీటిమట్టం రాసి, దాని పక్కన 'పక్షి లేదు' అని రాశాడు. మధ్యాహ్నానికి ఆ పేజీ కార్యాలయం నుంచి తిరిగి వచ్చింది. 'లేదు' కింద ఎర్ర గీత, అంచున ఒక గమనిక: ఉత్త కళ్ళతో చూసినది చెల్లదు.

సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే భార్య మిషను ఆపింది.

"ఏమైందండీ మీ కొంగ సంగతి? వచ్చిందా?"

"వచ్చిందట" అన్నాడు తూము కాపరి. "కాగితం ఇచ్చారు."