మంత్రిగారు చిక్కగా కలిపించిన కూలెంటు

కార్మికుల క్షేమం కోరి, వర్క్‌షాపులో వాడే కూలెంటును ఇకపై తానే స్వయంగా ఎంపిక చేస్తానని పరిశ్రమల మంత్రిగారు ప్రకటించారు. ఇలాంటి నాయకుడు దొరకడం మన అదృష్టం. కూలెంటు అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: లేతు మిషను మీద ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా ధారగా పోసే నూనె కలిపిన నీళ్లు. నేను ఆ వర్క్‌షాపు గేటు వాచ్‌మన్‌ని. లోపల లేతు నడిపేది మా అక్క మొగుడు. అందుకే ఈ ఘనకార్యమంతా కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

బల్ల మీద మూడు గ్లాసుల్లో మూడు రకాలు కలిపి పెట్టారు. మంత్రిగారు అన్నీ వాసన చూసి మూడోది పైకెత్తారు.

"ఇది ఖాయం చెయ్యండి. పాలలా ఉంది, ఫొటోలో బాగా పడుతుంది. ఇంతకీ నీళ్లెన్ని పోశారు?"

"నూనె ఒక వంతు, నీళ్లు ఇరవై వంతులు సార్," అన్నారు ఇంజనీరుగారు.

మంత్రిగారి మొహం మాడిపోయింది. "కష్టజీవికి ఇచ్చేది ఇంత పలచగానా? పాత ప్రభుత్వం పిసినారి బుద్ధి మీకింకా పోలేదయ్యా. సగానికి సగం కలపండి."

మా బావ నోరు ఊరుకోదు. "చేతులు మండవాండీ?"

"చూశారా, ఇస్తానన్నా మొహమాటపడుతున్నాడు," అని మంత్రిగారు బావ భుజం తట్టారు. అందరం చప్పట్లు కొట్టాం.

కొన్నాళ్లకే లేతుల మీద పనిచేసేవాళ్ల చేతులు ఎర్రగా పొక్కిపోయాయి. బావ వేళ్ల చివర తోలు పొరలు పొరలుగా ఊడింది. అక్క ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. అది చాలదన్నట్టు గేటు దగ్గర హాజరు మిషన్ అతని వేలిముద్రను గుర్తుపట్టడం మానేసింది.

"ఏంట్రా, నేనెవరో నీకు తెలీదా?"

"నాకు తెలుసు బావా. మిషన్‌కి తెలియాలి కదా. అది ఒప్పుకోకపోతే లోపలికి పంపొద్దని ఆర్డరు."

చేతులు పాడైనవాళ్లంతా అలాగే వెనక్కి పోయారు. ఆ తర్వాత డాక్టర్లు వచ్చి, ఆ రోజు హాజరు పడి లోపల ఉన్నవాళ్ల చేతులన్నీ తిప్పి చూశారు. ఒక్కరికీ చిన్న మచ్చ కూడా లేదు. మంత్రిగారి ఎంపిక నూటికి నూరుపాళ్లు విజయవంతమైందని పేపర్లో వచ్చింది. చెప్పకుండా పని ఎగ్గొట్టినందుకు బావని ఉద్యోగంలోంచి తీసేశారు. పిల్లల చదువు ఎలాగని అక్క ఏడ్చింది.

ఇంట్లో కూర్చోవడంతో బావ చేతులకు కొత్త తోలు వచ్చింది. ఒకరోజు ఉద్యోగం అడుక్కుందామని వచ్చి మిషన్ మీద వేలు పెడితే, అది మర్యాదగా థాంక్యూ అంది. ఇంజనీరుగారు పరుగున వచ్చి ఆ చేతులు పట్టుకుని, బావని సరాసరి మంత్రిగారి సభకు తీసుకుపోయారు.

మంత్రిగారు ఆ రెండు చేతులూ పైకెత్తారు. "ఈ చేతులు ఒకప్పుడు ఎలా ఉండేవో ఈయన్నే అడగండి. మన కూలెంటు వచ్చాక ఎలా ఉన్నాయో మీరే చూడండి."

వేదిక మీదే ఉద్యోగం తిరిగి ఇచ్చేశారు. రేపటి నుంచే డ్యూటీ. ఆనందం పట్టలేక మంత్రిగారు, ఇకమీదట అసలు నీళ్లే కలపొద్దని కూడా సెలవిచ్చారు.

ఆ పూట బావ తన చేత్తో తనే కలుపుకుని తిన్నాడు. కంచం ఖాళీ అయ్యాక కూడా చాలాసేపు లేవలేదు.