కదిరమ్మ కడుపు కామన్ ఏరియా

ఆడదాని కడుపు ఆమె సొంతమని మీకు ఎవరు చెప్పారండీ? నమ్మకండి! లిఫ్టు ఎవరి సొంతం? క్లబ్ హౌస్ ఎవరి సొంతం? జనరేటర్ ఎవరి సొంతం? అందరిదీ. పనిమనిషి కడుపూ అంతే. కామన్ ఏరియా! దాని మంచీ చెడ్డా తేల్చాలంటే అసోసియేషన్ తీర్మానం కావాలి.

ఇది దారుణం అని అప్పుడే అరవకండి. ఇది ఎంత గొప్ప ఏర్పాటో తెలియాలంటే ముందు కదిరమ్మ సంగతి వినండి.

కదిరమ్మ బెంగళూరు కె.ఆర్.పురం స్టేషన్ వెనకాల ఒక వఠారంలో ఉంటుంది. వరసగా గదులు, అందరికీ ఒకటే కొళాయి. పొద్దున్నే లేచి మహదేవపుర వైపు ఒక పెద్ద అపార్ట్‌మెంటుకు పనికి పోతుంది. ఆ అపార్ట్‌మెంటు పేరు చెప్పను. చెబితే నా మీద ఒక సబ్ కమిటీ వేస్తారు.

ఆమెకు నెల తప్పిన కొత్తల్లోనే మొగుడు ఓబులేష్ సెంట్రింగ్ పలకల మీద నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము దక్కలేదు. మంచాన పడ్డ మొగుడు, ఇద్దరు పిల్లలు, సంపాదించే చేతులు మాత్రం రెండే. అవి కదిరమ్మవి. కడుపు ఎత్తుగా కనబడితే ఆ చేతులకు పని పోతుంది. అందుకని ఆమె ఎవరినీ అడక్కుండా, తన కడుపు గురించి తనే ఒక నిర్ణయానికి వచ్చేసింది. చూశారా పొగరు!

పక్క గది మునివెంకటమ్మ తాతల నాటి నుంచి బెంగళూరులోనే వేళ్ళు దిగిన మనిషి. ఆమె ఒకటే మాట చెప్పింది.

“గవర్మెంటాస్పత్రికి నేనూ వస్తాను పదమ్మే. ఇప్పుడైతే మాత్రలతోనే అయిపోతాది. ఆ మేడంకి మాత్రం అత్త సచ్చిపోయిందని చెప్పు. రెండు దినాలు రజా ఇస్తాది.”

“బతికుండే మనిషిని సంపేదేందక్కా? వరూధినమ్మ మంచిది. ఉండేది ఉన్నట్టు చెప్తే వద్దంటాదా?”

“సెప్పు సెప్పు. ఆమెకు సెప్తే మూడు బ్లాకులకూ సెప్పినట్టే.”

కదిరమ్మ చెప్పింది. నిజమే చెప్పింది. లోకంలో ఎన్నో ఘోరాలు నిజం చెప్పడంతోనే మొదలవుతాయి.

కదిరమ్మ పనిచేసే ఇంటి వరూధిని గారు ఒక మనిషి కాదు, ఒక మహిళా ఫోరం. విన్న వెంటనే గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

“అయ్యయ్యో! ప్రాణం కదే కదిరమ్మా! నీకు బరువైతే దత్తత ఇచ్చెయ్. పిల్లల్లేనివాళ్ళు క్యూలో నిలబడి ఉన్నారు తెలుసా?”

“యాడుండాదమ్మా ఆ క్యూ? చెప్పండి, పొయ్యి కనుక్కుంటా.”

“అదంతా మేం చూసుకుంటాం. మా పిన్ని కూతురు వాళ్ళే పదేళ్ళుగా అల్లాడుతున్నారు. నువ్వు తొందరపడి పాపం మూటగట్టుకోకు. ఇంక బరువు పనులు కూడా చెయ్యకు. ఈ బాల్కనీ ఒక్కటీ కడిగేసి కూర్చో.”

కదిరమ్మ బాల్కనీ కడిగింది. కడుగుతూ ఆలోచించింది. అంత చదువుకున్న మనిషి ఊరికే అంటుందా? క్యూ అంటే ఉండే ఉంటుంది. రెండు రోజుల సెలవు మాట ఆ రోజుకు ఎత్తలేదు.

ఆదివారం క్లబ్ హౌస్‌లో మహిళా ఫోరం తరఫున చర్చ పెట్టారు. విషయం: గర్భస్రావమా, దత్తతా? అధ్యక్షత: అసోసియేషన్ ప్రెసిడెంటు దేవరాజ్ గారు. మిరపకాయ బజ్జీలు: కదిరమ్మ!

అవునండీ. ఏ కడుపు గురించి చర్చో, ఆ కడుపు బాణలి ముందు నిలబడి బజ్జీలు వేసింది. లోపలికి పిలిచి “నీ మాటేమిటి?” అని అడగొచ్చు కదా అంటారా? భలేవారే! లిఫ్టుకు రంగు వేసేటప్పుడు లిఫ్టును అడుగుతామా?

ఒక పక్షం వారు “ప్రాణం పవిత్రం” అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. బజ్జీ ఘాటు కొంత, కరుణ కొంత. రెండో పక్షం వారు “ఆమె శరీరం, ఆమె ఇష్టం” అన్నారు. లాప్‌టాప్ తెచ్చిన ఒక అమ్మాయి గోడ మీద రంగురంగుల బొమ్మలు చూపించి, “ముందు ఆమె గొంతు వినాలి!” అని బల్ల గుద్దింది. గుద్ది, వంటగది వైపు తిరిగి, “అక్కా, ఇంకొంచెం చట్నీ” అంది.

రెండు పక్షాలూ కదిరమ్మ కోసమే కొట్టుకున్నాయి. ఇంతకన్నా గౌరవం ఏ పనిమనిషికి దక్కింది చెప్పండి?

దేవరాజ్ గారు చివర్లో గొంతు సవరించుకున్నారు. “ఇది సీరియస్ మ్యాటరప్పా. ఒక్క సిట్టింగులో తేలదు. వచ్చే ఆదివారం చూద్దాం.”

వచ్చే ఆదివారం కోరం లేదు. తరవాతది ఉగాది. ఆ తరవాత క్రికెట్ మ్యాచ్. ఆపైన వేసవి సెలవులు, సగం మంది కూర్గు కొండల్లో, సగం మంది అత్తగారిళ్ళలో. కదిరమ్మ సెలవు అడిగినప్పుడల్లా వరూధిని గారు, “తీర్మానం కానీయవే, ఇంతమంది నీ కోసం బుర్రలు బద్దలు కొట్టుకుంటుంటే మధ్యలో నువ్వు వెళ్ళి ఏదో చేసుకొస్తే మా పరువేం కావాలి? నీ పనేం కావాలి?” అన్నారు. పనేం కావాలి అన్న మాట కదిరమ్మకు బాగా అర్థమైంది. మిగతాదంతా అలంకారం.

కోరం లేకపోతే మీటింగు ఆగుతుంది. కడుపు ఆగదు కదా! దానికి అధ్యక్షుడు అక్కర్లేదు, మినిట్స్ అక్కర్లేదు. మామిడికాయలు వచ్చాయి, మాగాయి పెట్టించుకున్నారు, మామిడిపళ్ళూ అయిపోయాయి. చివరికి మునివెంకటమ్మే ఆమె రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ చూసి కోప్పడింది. “ఐదు నెలలు దాటిపోయింది. ఇప్పుడు చెయ్యడానికి లేదు. మొదట్లోనే వచ్చి ఉంటే మాత్రలతో పోయేది. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?”

“మీటింగు జరగతా ఉండాది మేడం.”

అదీ చర్చ గొప్పతనం! ఓటింగు లేకుండా, ఒక్కరి మనసూ నొప్పించకుండా, క్యాలెండరు చేత తీర్పు చెప్పించింది. చర్చించినవాళ్ళ చేతికి బజ్జీ నూనె తప్ప ఏ మరకా అంటలేదు.

ఇక మిగిలింది దత్తత. పిన్ని కూతురు సంగతి అడిగితే వరూధిని గారు నసిగారు. “వాళ్ళకు మనవాళ్ళ బిడ్డే కావాలట. కొంచెం రంగు కూడా… నువ్వు తప్పుగా అనుకోకు.” కదిరమ్మ తప్పుగా అనుకోలేదు. కరెక్టుగానే అనుకుంది.

సరిగ్గా ఆ వారమే అపార్ట్‌మెంటు గేటు పక్కన ఒక బ్యానర్ కట్టారు. సగానికి అడ్డంగా నీళ్ళ ట్యాంకరు ఆగి ఉంది. కనబడిన సగంలో కన్నడ అక్షరాలు. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు తోబుట్టువులే కదా, తలకట్లు సర్దుకుంటే చదివేయొచ్చు. కదిరమ్మ కూడబలుక్కుని చదివింది. “దత్తు శిబిర. ఆదివార.”

అంటే దత్తత శిబిరం, ఆదివారం. క్యూ ఉంది! వరూధినమ్మ అబద్ధం చెప్పలేదు!

ఆదివారం ఉన్నంతలో మంచి చీర కట్టుకుని, మునివెంకటమ్మను వెంటేసుకుని పోయింది. క్లబ్ హౌస్ ముందు షామియానా. బల్ల దగ్గర టోపీ పెట్టుకున్న కుర్రవాడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా అడిగాడు. “తీసుకోవడానికా, ఇవ్వడానికా?”

“ఇచ్చేదానికప్పా.”

“ఆడా, మగా?”

“చెప్పకూడదంట గదా! ఆస్పత్రి గోడ మీద బోర్డే పెట్టినారు.”

“రంగు?”

కదిరమ్మ తన చెయ్యి తనే చూసుకుంది. “మా ఆయన నలుపే. నేనూ ఇంతే.”

“అయితే కష్టం ఆంటీ. నల్లవి తొందరగా పోవు. తల్లి దగ్గరే ఉందా?”

“తల్లి దగ్గర కాకపోతే యాడుంటాది?”

“వెరీ గుడ్. పుట్టాక కనీసం రెండు నెలలు తల్లి నుంచి వేరు చెయ్యకూడదు. పాపం కదా!”

ఇంత దయగల మాట ఈ మధ్య ఎవరూ ఆమెతో అనలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో బల్ల కింద బుట్టలోంచి కుయ్ కుయ్ మంటూ ఒక మూతి బయటికొచ్చింది.

మునివెంకటమ్మ బుట్ట చూసింది. కుర్రవాణ్ణి చూసింది. కదిరమ్మ పొట్ట చూసింది. “అయ్యో నీ పాసుగాల, ఇది నాయిపిల్లల సంతమ్మే!” అని నెత్తి కొట్టుకుంది. నవ్వు ఎవరికి ముందొచ్చిందో తెలియదు. ఇద్దరూ షామియానా గుంజ పట్టుకుని నవ్వారు. కదిరమ్మ మాత్రం నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక కొంచెం ఎక్కువసేపే నవ్వి, కొంగుతో ముఖం కప్పుకుంది.

ఆ రోజు వరూధిని గారు ఒక తెల్ల కుక్కపిల్లను దత్తత తీసుకున్నారు. ఆడది. “పెద్దయ్యాక ఆపరేషన్ మరిచిపోకండి మేడం, ఈతలు ఎక్కువైతే తల్లి తట్టుకోలేదు,” అన్నాడు కుర్రవాడు. “అయ్యో, ఆ మాత్రం తెలియదా! దాని ఆరోగ్యం ముఖ్యం కదా!” అన్నారు వరూధిని గారు. దేవరాజ్ గారు చప్పట్లు కొట్టారు. చర్చ పెట్టలేదు. కోరం చూడలేదు. ప్రాణం పవిత్రం అని ఒక్కరూ కళ్ళు తుడుచుకోలేదు!

ఈ ఊళ్ళో దేన్ని దత్తత తీసుకోరు చెప్పండి? పార్కును తీసుకుంటారు, చెరువును తీసుకుంటారు, సర్కిల్‌లో నాలుగు పూలకుండీలకు కూడా పెంపుడు తల్లిదండ్రుల బోర్డు ఉంటుంది. దత్తతను నేను తప్పుపట్టను. బిడ్డను చేతుల్లోకి తీసుకునేవాడి నోట అది బంగారం లాంటి మాట. చేతులు కట్టుకుని కూర్చున్నవాడి నోట అది ఊరికే వచ్చే సలహా.

కదిరమ్మకు ఆడపిల్ల పుట్టింది. నల్లగా, గట్టిగా, ఏడిస్తే వఠారం లేచేటట్టు ఉంది. ఇస్తావా అని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు అడిగినా ఆమె ఇవ్వదు, అది వేరే సంగతి. పనికి తెచ్చుకుంటానంటే వరూధిని గారు ఒప్పుకోలేదు. పసిపిల్ల ఏడుపుకు కుక్కపిల్ల బెదిరిపోతుందట. అందుకని బిడ్డ మునివెంకటమ్మ దగ్గర ఉంటుంది, కదిరమ్మ కుక్కపిల్లను వాకింగుకు తీసుకుపోతుంది.

మొన్న మళ్ళీ ఫోరం వారు చర్చ ప్రకటించారు. విషయం: పనివాళ్ళకు ఇంతమంది పిల్లలెందుకు? ఆదివారం, క్లబ్ హౌస్‌లో. బజ్జీలు మామూలే.

శనివారం కదిరమ్మ ఫోన్ చేసింది. “అమ్మా, మా అత్త సచ్చిపోయింది.”

“అయ్యో రామా! ఎన్ని రోజులు కావాలో తీసుకోవే. ఏం టెన్షన్ పెట్టుకోకు,” అన్నారు వరూధిని గారు. ఒక్క ప్రశ్న లేదు. ఒక్క కమిటీ లేదు. పుట్టుకకు నెలల తరబడి చర్చ, చావుకు ఒక్క నిమిషంలో శాంక్షన్! చూశారా, వ్యవస్థ ఎంత చక్కగా పనిచేస్తోందో!

ఆదివారం బజ్జీలు బయటి నుంచి తెప్పించుకున్నారు. చప్పగా ఉన్నాయట.

ఆ వేళకు కదిరమ్మ గవర్నమెంటు ఆస్పత్రిలో చేరి ఉంది. మరునాడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. అయ్యాక మంచం పక్కన మనవరాలిని ఒళ్ళో వేసుకుని, కాఫీలో బన్ను ముంచుకు తింటూ, సచ్చిపోయిన అత్త అడిగింది.

“ఏమే, ఇంకా ఎన్ని దినాలు సచ్చిపోయి ఉండాల నేను?”

“కుట్లు మానేదాకా ఓర్చుకో అత్తా,” అంది కదిరమ్మ.