మూడు నూకుళ్ల నిబంధన

పాత కారు స్టార్ట్ కాకపోవడాన్ని లోపం అనేవాళ్లకు పరిపాలన గురించి ఏమీ తెలియదు. ఎప్పుడూ స్టార్ట్ కానిది తుక్కు. ఎప్పుడూ స్టార్టయ్యేది పనిముట్టు. ఇవాళ స్టార్టవుతుందో లేదో యజమానికి కూడా తెలియనిదే అసలైన అధికారి. దాని ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. రేపు రమ్మంటే రేపు రావాలి. ఎందుకని అడగకూడదు.

అలాంటి అధికారి ఒకరు మా ఇంటి ముందు రేకుల కింద ఎనిమిదేళ్లుగా విధులు నిర్వహిస్తున్నారు. తెల్ల రంగు. ఇరవై రెండేళ్ల వయసు. కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్లది కాదని తర్వాత తేలింది. సౌదీలో దమ్మాం నుంచి తిరిగొచ్చిన ఏడాది జగిత్యాలలో కొన్నాను. నేను అక్కడ ఉండగానే మా ఆవిడ భూదేవి పోయింది. వచ్చేసరికి ఇంట్లో మాట్లాడే మనిషి లేదు కాబట్టి కారు కొన్నాను. (ఆమెకూ దీనికీ పోలిక లేదు. ఆమె పిలిస్తే పలికేది.)

మా ఊరు జగిత్యాల నుంచి కోరుట్ల పోయే రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. ప్రధాన పంట మగవాళ్లు. మక్కలు రెండో పంట. మొదటి పంట చేతికి రాగానే మస్కట్, దుబాయ్, దోహాలకు ఎగుమతి అవుతుంది. సిరిసిల్లలో చుట్టాలున్న ఇళ్లవాళ్లు భివండీ మగ్గాలకు పంపుతారు. గల్ఫ్ సరుకును శంషాబాద్ విమానాశ్రయం దాకా చేర్చే రవాణా శాఖ నేనే. శాఖాధిపతిని, డ్రైవర్ని, కారు కడిగే మనిషిని కూడా నేనే.

వేరే బండ్లు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. కానీ నా కారులో పోయినవాళ్లలో పదకొండు మంది ఇప్పటికి తమ కాళ్ల మీద నడుచుకుంటూ తిరిగొచ్చారు. కరీంనగర్ నుంచి ఏసీ బండి మాట్లాడుకుని పోయిన దేవయ్య పెట్టెలో వచ్చాడు. ఊరికి ఈ రెండు ముక్కలు చాలు. ఆ రోజు నుంచి గల్ఫ్ పోయే ఏ మనిషీ ఇంకో బండి ఎక్కలేదు. (నేను ఈ గణాంకాల మీద అభ్యంతరం చెప్పలేదు. పేరు వస్తుంటే ఎవరు చెబుతారు?) దీనికి ఉప నిబంధన ఒకటి. కొబ్బరికాయ కొట్టి, టైరు కింద నిమ్మకాయ పెట్టి, ఎక్కి కూర్చున్న మనిషి ఆ రోజు ఇంకో బండి ఎక్కడానికి వీల్లేదు. నా కారు కదిలితే ప్రయాణం. కదలకపోతే దేవుడు వద్దన్నట్టు లెక్క. వీసా ఇచ్చేది మస్కట్ ప్రభుత్వమే అయినా ఆఖరి ముద్ర వేసేది మా రేకుల కింది అధికారి.

నాలుగేళ్ల కింద అది మొరాయించడం మొదలుపెట్టింది. తాళం తిప్పితే ఒక రోజు పలికేది. మరుసటి రోజు మూగది. ఒకసారి లైట్లు వెలిగి ఇంజన్ కదిలేది కాదు, ఇంకోసారి లైట్లు కూడా వెలిగేవి కావు. ఎండకూ వానకూ సంబంధం లేదు. పెట్రోలుకూ సంబంధం లేదు. సంజాయిషీ అడిగితే ఇచ్చేది కాదు.

నేను విచారణకు ఆదేశించాను. జగిత్యాల బ్యాటరీ దుకాణం ఆయన ఇది బ్యాటరీ అని తేల్చాడు. (ఆయన దుకాణంలో బ్యాటరీలు తప్ప ఏమీ ఉండవు.) మార్చాను. సిరిసిల్లలో ఒక ఎలక్ట్రీషియన్ ఇది వైరింగ్ అని తేల్చాడు. పాత వైర్లు పీకి కవర్లో పెట్టి, పోస్ట్‌మార్టం తర్వాత అప్పగించినట్టు నా చేతికి అప్పగించాడు. తిరుగు దారిలో వేములవాడలో ఆగి కారుకు పూజ చేయించి, రాజన్నకు కోడె మొక్కు కూడా తీర్చుకున్నాను. కోడె ఏ తాళమూ లేకుండా గుడి చుట్టూ తిరిగింది. బయటికొస్తే కారు స్టార్ట్ కాలేదు.

ఇక్కడ పాఠకులు ఒక ప్రకృతి సూత్రం గమనించాలి. మెకానిక్ ముందు పాత కారు తప్పక స్టార్టవుతుంది. సిరిసిల్ల ఎలక్ట్రీషియన్ దగ్గరికి రెండోసారి పోయినప్పుడు ఆయన తాళం తిప్పాడు, అది గుర్రంలా లేచింది. ఆయన నన్ను జాలిగా చూసి, స్టార్ట్ కానప్పుడు తీసుకురమ్మన్నాడు. ఇన్నేళ్లలో నేను చాలా ఆఫీసులు తిరిగాను గానీ ఇంత లోతైన నిబంధన వినలేదు. చనిపోయినవాడు స్వయంగా వచ్చి ధ్రువపత్రం తీసుకోవాలన్నంత న్యాయంగా ఉంది.

విచారణ తేలే దాకా తాత్కాలిక ఏర్పాటుగా ఊళ్లో నూకుడు కమిటీ ఏర్పడింది. (నూకుడు అంటే తోయడం. చదువుకున్నవాళ్ల కోసం చెబుతున్నాను.) మగవాళ్లు ఎగుమతి అయిపోయారు కాబట్టి సభ్యులంతా ఆడవాళ్లే. మోకాళ్లు పోయిన ఇద్దరు ముసలివాళ్లు గౌరవ సభ్యులు. అధ్యక్షురాలు సమ్మక్క. బీడీలు చేస్తుంది. నాకు వదిన వరస. పెట్టెలో వచ్చిన దేవయ్య ఆమె భర్త.

కమిటీ నియమావళి చిన్నది. నేను స్టీరింగ్ దగ్గర కూర్చోవాలి. వాళ్లు వెనక నుంచి నూకాలి. మా ఇంటి నుంచి నీళ్ల నల్లా దాకా ఒకసారి, నల్లా నుంచి పాల కేంద్రం దాకా ఒకసారి, అక్కడి నుంచి రోడ్డు మలుపు దాకా ఒకసారి. మూడు నూకుళ్లకూ పలకకపోతే ప్రయాణం రద్దు. అందరికీ మా ఇంట్లో చాయ్. పోవలసిన మనిషి ఇంటికి వెళ్లి మధ్యాహ్నం అన్నం తిని పడుకుంటాడు. నాలుగేళ్లలో నలుగురి ప్రయాణం ఇలా రద్దయింది. నాలుగుసార్లూ నేను సిగ్గుతో తల దించుకుని చాయ్ పెట్టాను. కమిటీ సభ్యులు మాత్రం ఆ చాయ్ చాలా బాగుందని ప్రతిసారీ మెచ్చుకున్నారు.

నాలుగోవాడు గంగారాం. గీత కార్మికుల ఇల్లు. తాటిచెట్లు ఎండిపోయి, ఉన్నవి కొట్టేసి, ఎక్కడానికి చెట్టు లేని గీత కార్మికుడు. మస్కట్‌లో ఏదో కట్టుబడి పనికి వీసా దొరికింది. బయలుదేరిన రోజు మూడు నూకుళ్లకూ నా కారు పలకలేదు. టికెట్ తేదీ మార్చుకున్నాడు. ఈసారి శుక్రవారం. ఆ శనివారంతో వీసా గడువు ముగుస్తుంది. సోమవారం పొద్దున భార్య దుర్గవ్వను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"కాకా, ఈపారి బండి ఆగిందంటే నా కథ ఖతం. మల్ల వీసా నాకెవలియ్యరు. ఈడుండి ఏం జెయ్యాలె, చెప్పు."

దుర్గవ్వ కారు బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడింది. జ్వరం చూసినట్టు.

"బాగైతదా మామా?" అని అడిగింది.

"బాగైతది బిడ్డా, నేనున్న గదా," అన్నాను. ఆమె మొహం చూడలేదు. చూసినా నాకు అర్థమయ్యేది కాదు. మొహాలు చదవడంలో నేను మొదటి నుంచీ వెనకబడ్డవాణ్ని.

మంగళవారం కారు పలికింది. అదే అదనుగా కోరుట్ల పోయాను. అక్కడ కమాలుద్దీన్ అనే పాత మెకానిక్ ఉన్నాడు. ఇరవై ఏళ్లు జెద్దాలో బండ్లు బాగుచేసి వచ్చాడు. అందరిలా బానెట్ ఎత్తలేదు. సీట్లో కూర్చుని తాళానికి వేలాడుతున్న గుత్తిని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి చూశాడు.

"ఏందన్నా ఇది? ఊరు మొత్తం ఈడనే యేలాడదీసినవా?"

ఆయన తెలియక అన్నాడు గానీ విషయం అదే. గుత్తిలో ఇరవై తాళంచెవులు ఉన్నాయి. ఒకటి కారుది. ఒకటి భూదేవి బట్టలు దాచుకునే చెక్క సందుగది. (సందుగ ఇప్పుడు లేదు. తాళంచెవి ఉంది.) మిగతా పద్దెనిమిది ఊళ్లో తాళం వేసిన ఇళ్లవి. మొగుడు భివండీ పోయాక పెళ్లాం పిల్లలు కూడా పోతారు. పోతూ పోతూ, ఊళ్లో ఉండేది నువ్వే గదా అని నాకు ఇచ్చి పోతారు. శుక్రవారం దీపం పెట్టమంటారు, వానాకాలం ఇల్లు కురుస్తుందేమో చూడమంటారు. పోగొట్టకూడదని అన్నీ కారు తాళానికే తగిలించాను. బాధ్యత గల మనిషిని.

కమాలుద్దీన్ చెప్పిందేమిటంటే, అంత బరువు ఏళ్ల తరబడి గుంతల రోడ్ల మీద ఊగి ఊగి తాళం తిప్పే స్విచ్ లోపల అరిగిపోయింది. అది ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. అంతే రోగం. అరగంటలో కొత్త స్విచ్ వేశాడు. కారు తాళం ఒక్కటీ విడిగా నాకిచ్చి, గుత్తి మేకుకు తగిలించుకొమ్మన్నాడు.

"బండిది ఏం తప్పు లేదు. నువ్వు మోసేటివన్నీ దానితోని మోపిచ్చినవ్," అన్నాడు.

నాలుగేళ్లు బ్యాటరీని అనుమానించాను. వైర్లను అనుమానించాను. రాజన్నను కూడా కొంచెం అనుమానించాను. చేతిలో ఉన్నదాన్ని అనుమానించలేదు. ఇంత తెలివి ఉన్నందుకే ఊరు నన్ను నమ్మి తాళాలు ఇచ్చింది.

గురువారం దాకా ఇరవైసార్లు స్టార్ట్ చేసి చూశాను. ఇరవైసార్లూ పలికింది. సాయంత్రం సమ్మక్క ఇంటికి పోయి, నూకుడు కమిటీని కృతజ్ఞతలతో రద్దు చేస్తున్నట్టు ప్రకటించాను. ఆమె వాకిట్లో చాటలో తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. తల ఎత్తలేదు.

"నిన్నెవలు బాగు చేయించుమన్నరు?" అంది.

నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నాలుగుపార్లు బండి ఆగింది గదా, పరశురాములూ. అది ఆగలే. మేం నూకలే. మొన్న గంగారాం పోయేనాడు దుర్గవ్వ పక్కకు నిలవడి డోరు పట్టుకొని ఎనుకకు గుంజింది. నువ్వు ముందలికి జూసుకుంట కూసుంటివి, నీకేమెరుక."

ఇన్ని రోజులూ నాకు అద్దం ఉంది. వెనక ఏం జరుగుతుందో చూడటానికే దాన్ని పెడతారట. నేను జుట్టు దువ్వుకోవడానికి వాడాను.

ఎందుకిట్ల చేసిండ్రని అడిగాను. చుట్టిన బీడీకి దారం కట్టి తెంపి అప్పుడు చెప్పింది. రద్దయిన మొదటి ముగ్గురిలో ఒకడు వారానికి మళ్లీ పోయాడు, ఆ వారం ఇంట్లో అన్నం తిన్నాడు. మిగతా ఇద్దరూ ఊళ్లోనే ఉన్నారు.

"తాగుతున్నరు. పెండ్లాలను తిట్టుకుంటున్నరు," అన్నాను.

"ఉన్నరు గదా," అంది సమ్మక్క.

కమిటీకి ఒక విధానం ఉందని, అది నాలుగేళ్లుగా అమలవుతోందని, శాఖాధిపతికి తప్ప అందరికీ తెలుసని నాకు ఆ విధంగా అధికారికంగా తెలిసింది. ఇంటికి వచ్చేసరికి మా గడప దగ్గర దుర్గవ్వ కూర్చుని ఉంది. మేకుకు వేలాడుతున్న గుత్తిని చూస్తోంది. చాయ్ తాగుతావా అని అడిగాను.

"మామా, పాతది మల్ల ఎయ్యరాదా? రెండు దినాలే."

పాత స్విచ్ డిక్కీలో ఉంది. వేయించవచ్చు. అసలు అంత కష్టం కూడా అవసరం లేదు, తాళం తిప్పినట్టు నటించినా చాలు. శనివారం దాటితే గంగారాం ఇక్కడే ఉంటాడు. ఎక్కడానికి చెట్టు లేకుండా, ఎక్కడానికి విమానం లేకుండా. ఆమెకు అది చాలు. అతనికి చాలదు. ఇద్దరూ నన్నే నమ్ముకున్నారు. ఇలాంటప్పుడు మనిషికి నిబంధనలు ఎంత అవసరమో అప్పుడు తెలిసింది.

బాగైన బండిని చెడగొట్టే అధికారం నాకు లేదని చెప్పాను. ఆమె లేచి కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. తిట్టలేదు. తిడితే రసీదు ఇచ్చినట్టుండేది.

శుక్రవారం తొమ్మిదింటికి కొబ్బరికాయ కొట్టారు. నిమ్మకాయ పెట్టారు. గంగారాం నా పక్కన కూర్చున్నాడు. రద్దయిన కమిటీ అలవాటు కొద్దీ వచ్చి కారు వెనక నిలబడింది. ఈసారి అద్దంలో చూశాను. అన్ని చేతులూ డిక్కీ మీద ఉన్నాయి. దుర్గవ్వ చేతులు మధ్యలో.

తాళం తిప్పాను. పూర్తిగా తిప్పకముందే ఇంజన్ లేచింది. కారు వాళ్ల చేతుల కింది నుంచి వెళ్లిపోయింది. కొంచెం దూరం దాకా వాళ్లు చేతులు దించలేదు.

నల్లా దాటింది, పాల కేంద్రం దాటింది, మలుపు దాటింది. అది ఎక్కడా ఆగలేదు.

"గింత జల్ది అయితదనుకోలే కాకా," అన్నాడు గంగారాం. ఆపమని అంటాడేమోనని వేగం తగ్గించాను. అతను అనలేదు. జగిత్యాల వచ్చే దాకా ఒళ్లో పాస్‌పోర్ట్ పెట్టుకుని దాని అట్ట గోకుతూ కూర్చున్నాడు.

జగిత్యాల దాటాక, నువ్వు దమ్మాం పోయినప్పుడు ఏ బండిలో పోయినవని అడిగాడు. మెట్‌పల్లి నుంచి కిరాయి జీపు వచ్చిందని చెప్పాను. అప్పటికి కొత్తది. తాళం ముట్టుకుంటే చాలు, లేచేది.

"చిన్నమ్మ ఏడ నిలవడ్డది?" అన్నాడు.

భూదేవి ఎక్కడ నిలబడిందో నాకు తెలియదు. జీపు చాలా మంచి కండిషన్‌లో ఉండేది.