మంగళ, బుధవారాలు మాత్రమే

డబ్బిచ్చి టికెట్టు కొనుక్కున్నవాడు ప్రయాణికుడు కాడు, బాధితుడు. ఈ మహావాక్యాన్ని లోకానికి ప్రసాదించినవారు తాడేపల్లిగూడెంలోని ఒక జూనియర్ కాలేజీలో కామర్స్ లెక్చరర్ దక్షిణామూర్తిగారు. విమానం ఎక్కడం గొప్ప కాదనీ, ఊరికే ఎక్కడమే గొప్పనీ ఆయన స్టాఫ్ రూములో రోజూ నిరూపిస్తూ ఉండేవారు. (పిల్లలకు మాత్రం డెబిట్, క్రెడిట్ అంటూ పాత పాఠమే చెప్పేవారు. పరీక్షలో అదే వస్తుంది మరి.)

నీలాంబర అని ఒక విమానాల కంపెనీ ఉంది. వాళ్ళ క్రెడిట్ కార్డు పెట్టి ఏం కొన్నా పాయింట్లు వస్తాయి, పాయింట్లు పోగైతే మైళ్ళవుతాయి, మైళ్ళు పోగైతే సీటవుతుంది. ఇలా చేరినవాణ్ణి ఆ కంపెనీ కస్టమరు అనదు, 'కుటుంబ సభ్యుడు' అంటుంది. ఆ కుటుంబంలో రాగి, ఇత్తడి, వెండి అని అంతస్తులు. దక్షిణామూర్తిగారిది ఇత్తడి. సొంత కుటుంబంలో ఆయనది ఏ లోహమో ఇంకా ఎవరూ తేల్చలేదు.

ఆ సొంత కుటుంబంలో అత్తగారు ఉన్నారు. పేరు మంగతాయారు. భీమడోలులో బడిపంతులుగా చేసిన భర్త పోయాక కూతురు ఉమాకుమారి దగ్గరికి వచ్చేశారు. ఆవిడకు మిగిలిన కోరిక ఒక్కటే. కాళ్ళు ఆడుతుండగానే కాశీ వెళ్ళి గంగలో మునగాలి. అక్కడ వదిలిపెట్టడానికి పనసపొట్టు కూరను కూడా ఎంచుకుని, ఈలోగా దాని రుణం తీర్చుకుందామని దొరికినప్పుడల్లా చేయించుకునేవారు.

"బెజవాడలో ఎక్కితే తిన్నగా కాశీలో దింపే రైలుందిట బాబూ. ఏసీ లేకపోయినా పరవాలేదండీ," అన్నారు ఒకరోజు అల్లుడితో.

"రైలేమిటండీ అత్తయ్యగారూ! మిమ్మల్ని విమానంలో తీసుకెళ్తాను. అదీ ఒక్క పైసా లేకుండా. కాస్త ఓపిక పట్టండి, పాయింట్లు పండుతున్నాయి."

"అవి పండేలోగా నేను రాలిపోకుండా ఉంటే చాలు," అని ఆవిడ నవ్వారు. ఆయన కూడా నవ్వారు.

పాయింట్లు పండించడమంటే మాటలు కాదు. ఇంట్లో వాడే కందిపప్పుకీ, కాఫీపొడికీ వచ్చే పాయింట్లతో ఏలూరు దాకా కూడా ఎగరలేం. అందుకని ఆయన కొల్లేరు వైపు దృష్టి సారించారు. గణపవరం దిగువన చేపల చెరువులున్న కనకరాజుగారు మేత కొనేటప్పుడల్లా దక్షిణామూర్తిగారు మోటారుసైకిలు మీద వెళ్ళి తన కార్డు గీకేవారు. ఆ సొమ్ము కనకరాజుగారు తరవాత ఇచ్చేసేవారు. కార్డు గీకినందుకు కొట్టువాడు పైన వేసే నూటికి రెండు మాత్రం దక్షిణామూర్తిగారే తన జేబులోంచి పెట్టుకునేవారు. వచ్చే పాయింట్ల విలువ అందులో సగం కూడా ఉండదు. (కామర్సులో దీన్ని నష్టం అంటారు. నీలాంబర భాషలో 'ప్రయోజనం'.) ఆ విధంగా కొల్లేరు చేపలు తిన్న ప్రతి బస్తాకూ ఒక శుద్ధ శాకాహారి కుటుంబం కాశీకి కాస్త దగ్గరయింది.

"మీకేదో పట్టిందని ఊళ్ళో అనుకుంటున్నారండి," అన్నారు కనకరాజుగారు సానుభూతిగా. "అయినా ఆపకండేం. ఎల్లుండి ఇంకో లోడు దిగుతుందండి."

ఇత్తడి హోదా ఊరికే నిలవదు. ఏడాదికి కొన్నిసార్లయినా ఎగరాలి. అందుకని దక్షిణామూర్తిగారు ఏటా మార్చి నెలాఖరున గన్నవరంలో విమానం ఎక్కి హైదరాబాదులో దిగి, లౌంజులో ఉచిత ఉప్మా తిని, తరవాతి విమానంలో వెనక్కి వచ్చేవారు. ఆ టికెట్లు డబ్బిచ్చి కొన్నవే. ఊరి నుంచి వచ్చినవాడు ఉత్త చేతుల్తో రాకూడదు కనుక అత్తగారికి నాలుగు పంచదార పొట్లాలు తెచ్చేవారు. ఆవిడ వాటిని కళ్ళకద్దుకుని దేవుడి మందిరంలో పెట్టేవారు.

ఎట్టకేలకు పాయింట్లు సరిపోయాయి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. నీలాంబరలో 'సీట్ల దయా విభాగం' అని ఒకటుంది. డబ్బిచ్చేవాడెవడూ ఎక్కని రోజులు వెతికి, ఆ రోజుల్లోనే కుటుంబ సభ్యులకు సీట్లు దయచేయడం దాని పని. ఎవరూ ఎక్కని రోజులు మంగళ, బుధవారాలు. పంచాంగం ప్రకారం ఉత్తరానికి వారశూల ఉండి, అటు ప్రయాణం కూడని రోజులూ అవే. కాశీ ఉత్తరాన ఉంది. ఆ విషయంలో ఎవరూ చేయగలిగింది లేదు.

దక్షిణామూర్తిగారు వంశపారంపర్యంగా పంచాంగం ఎరిగిన మనిషి. కంపెనీకి ఫోన్ చేశారు. సభ్యుల సంతోష విభాగం నుంచి స్నేహలత అనే అమ్మాయి ఎత్తింది.

"మంగళవారం ఉత్తరానికి శూలమ్మా. శుక్రవారానికి సర్దలేరా?"

"సారీ సార్, శూల అనేది మా లిస్టులో లేదండి. మీరు వెండి సభ్యులైతే శుక్రవారాలు కనిపిస్తాయండి."

శాస్త్రంలో ఇత్తడివాడికీ వెండివాడికీ ఒకటే శూల. ఆ మేరకు శాస్త్రమే నయం.

"ఏవండీ, అమ్మ మోకాళ్ళు చూస్తున్నారా?" అంది ఉమాకుమారి. "మంగళవారమే వెళ్దాం. గంగలో మునిగితే అన్ని పాపాలూ పోతాయిట, ఈ శూల ఒక్కటీ ఉండిపోతుందా?"

ఆయన మళ్ళీ పంచాంగం తిరగేస్తే ఉపాయం దొరికింది. పరస్థానం. మంచిరోజు చూసి ప్రయాణపు సంచిని పక్కింట్లో పెట్టేస్తే, ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. తరవాత మనిషి ఏ రోజున కదిలినా దోషం లేదు. పాయింట్ల పెద్దలెవరికీ తట్టని కిటుకు మన పెద్దలకు ఏనాడో తట్టిందని ఆయన పొంగిపోయారు. గురువారం ఉదయం మంచి ఘడియలో అత్తగారి సంచిని, రెండు కొత్త నేతచీరలతో సహా, పక్కింటి విజయకుమారిగారి అలమారులో పెట్టించి, వచ్చే మంగళవారం సీటు చూసుకుని, పాయింట్లను మైళ్ళుగా మార్చే బొత్తాం నొక్కారు.

మార్పిడికి మూడు పనిదినాలు పడుతుందని ఫోను చెప్పింది. నడుమ శని, ఆదివారాలు వచ్చాయి. మైళ్ళు చేరేసరికి సీట్లు లేవు. మైళ్ళు మళ్ళీ పాయింట్లు కావు, అది కంపెనీ నిబంధన. పరస్థానం పెట్టిన సంచి వెనక్కి రాకూడదు, అది దక్షిణామూర్తిగారి నిబంధన. అప్పటినుంచి మంగతాయారుగారు పురాణానికి వెళ్ళాల్సివచ్చినప్పుడల్లా పక్కింటికి వెళ్ళి మంచి చీర కట్టుకుని, తిరిగి వచ్చేటప్పుడు అక్కడే విప్పి మడతపెట్టి వచ్చేవారు.

"మీరు సగం కాశీ చేరినట్టే పిన్నిగారూ," అనేది విజయకుమారి.

మళ్ళీ సీట్లు కనబడినప్పుడు ఇంకో నిబంధన కనబడింది. నీలాంబర కుటుంబంలో అత్తగారు కుటుంబం కాదు. ఆవిణ్ణి నామినీగా నమోదు చేయాలి, నమోదుకు తొంభై రోజులు పరిశీలన. అరవై ఏళ్ళ క్రితం ఇంట్లో అబద్ధం ఆడి వైజాగు వెళ్ళారా అని కూడా ఆరా తీసేంత లోతుగా పరిశీలిస్తారు కాబోలు. ఈ తొంభై రోజుల్లోనే ఆవిడ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి, ఆయాసం మొదలైంది.

ఉమాకుమారి ఇక ఆగలేదు. "రైలు టికెట్లు నేను తీస్తున్నాను. నా గాజులు అమ్మైనా సరే."

"ఇన్నేళ్ళు ఆగి ఇప్పుడు కొంటే, ఇన్నేళ్ళూ బుద్ధిలేక ఆగామని ఒప్పుకున్నట్టు కాదూ?" అన్నారాయన. ఈ ఒక్క విషయం ఆయన సరిగ్గానే చెప్పారు.

తగువు తీర్చింది మంగతాయారుగారే. "ఊరుకోవే ఉమా. నా గురించి అల్లుడుగారు ఎండలో పడి చేపల చెరువుల దాకా తిరిగారు. ఇప్పుడు రైలంటే ఆయన మనసు చిన్నబోతుంది. ఇంకెన్నాళ్ళులే." మర్యాద గల మనిషి. ఆ మర్యాదే ఆవిడ కొంప ముంచింది.

ఆషాఢంలో, ముసురు పట్టి మూడు రోజులుగా వదలని ఒక మధ్యాహ్నం, కూతురి చేతిలో చేయి పెట్టి ఆవిడ పోయారు. చివర్లో తులసినీళ్ళు పోస్తుంటే "ఇది గంగేనా?" అని అడిగారు. ఉమాకుమారి "గంగేనమ్మా" అంది. ఇంతకు మించిన అబద్ధం తల్లితో ఎప్పుడూ ఆడలేదు ఆ పిల్ల.

కర్మకాండ ముగిసిన మర్నాడు నీలాంబర నుంచి సందేశం వచ్చింది. 'శుభాకాంక్షలు! శ్రీమతి మంగతాయారు ఇకనుంచి మా కుటుంబ సభ్యురాలు. ఎగరడానికి సిద్ధమా?' ఉమాకుమారి అది చదివి ఫోను ఆయన చేతిలో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. సాయంత్రం దాకా బయటికి రాలేదు. వచ్చాక ఒకటే మాట అంది.

"అమ్మ అస్థికలు కాశీలో కలపాలి. ఎలా తీసుకెళ్తారో మీ ఇష్టం."

దక్షిణామూర్తిగారు యాప్ తెరిచారు. మంగళవారానికి రెండు సీట్లు ఉన్నాయి. అస్థికలకు వారశూల వర్తిస్తుందని ఏ శాస్త్రంలోనూ కనబడలేదు. ఒక్క సందేహం మాత్రం మిగిలితే స్నేహలతకు ఫోన్ చేశారు.

"అయ్యో సార్, చాలా బాధగా ఉందండి," అందా అమ్మాయి. నిజంగానే బాధగా అంది. "కలశానికి టికెట్టు అక్కర్లేదండి. డెత్ సర్టిఫికెట్టు చూపిస్తే చేతి సామానుగా తీసుకెళ్ళొచ్చండి."

"పాయింట్లేమైనా తెగుతాయామ్మా?"

"ఏమీ తెగవండి సార్."

మంగళవారం తెల్లవారి గన్నవరంలో విమానం ఎక్కారు. ఉమాకుమారి కలశాన్ని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఎగిరేటప్పుడు సామాను ఒళ్ళో ఉండకూడదని చెప్పి, విమానంలో పనిచేసే అమ్మాయి దాన్ని ముందు సీటు కింద పెట్టించింది. ఉమాకుమారి దిగేదాకా వంగి ఆ సీటు కిందికే చూస్తూ కూర్చుంది.

ఎవరేమన్నా దక్షిణామూర్తిగారు మాట తప్పే మనిషి కాదు. అత్తగారిని విమానంలోనే, ఒక్క పైసా లేకుండా, కాశీకి తీసుకెళ్ళారు.