పెరుగుకుండ నడుమ అలీ–లూయీ మహాయుద్ధం

వినుడి, చుట్టపక్కాలారా! చేతిలో చాట పక్కనబెట్టి, పొయ్యిమీది అన్నం దించి మరీ వినుడి! ఎక్కడెక్కడి గుట్టల నీళ్లనో కొంగున మూటగట్టుకొని, గోదావరిలో కలవబోవు ముందు సిరొంచ ఒడ్డున ఒక్క ఊపిరి పీల్చుకొను ప్రాణహితా మహానదీతీరమున, క్రికెట్టు కప్పు దేశానికి వచ్చిన మరుసటేడు, ఆ నదిమీద వంతెన అనునది ఎవరి కలలోకీ రాని కాలమున, పళ్లు కటకటలాడు ఒక హేమంతప్రభాతవేళ, తలపై చుట్టకుదురును, కుదురుపై కొత్తకుండను, కుండలో గడ్డపెరుగును, పెరుగుపై అఖండ మీగడను, మీగడపై మోదుగాకును ధరించి, మహిషీక్షీరసామ్రాజ్ఞి కిష్టమ్మ పడవరేవుకు దిగెను.

అది ఉత్త పెరుగా? కాదు, పరువు! అవతలి ఒడ్డు అర్జునగుట్టలో కాపురముండు వియ్యపురాలు రాజక్క, పోయినసారి నలుగురిలో కుండలోకి తొంగిచూసి, "పెరుగు తెచ్చినవా వదినె, నదిలకెళ్లి ముంచుకొచ్చినవా?" అనెను. పడవ కుదుపులకు గడ్డ విరిగి నీరూరినదని చెప్పినచో నమ్ము మనిషా రాజక్క? అందుకే కిష్టమ్మ ఈసారి కుండను వరిగడ్డిలో పొదిగి, గొంగడి కప్పి, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకొని తోడువేసెను. మీగడ చెదరకుండా ఆవలి ఒడ్డు చేరవలెను. అదొక్కటే ఆమె వ్రతము.

నౌకాధిపతి జంగు వద్ద ఒక కట్టుబాటు కలదు. వాని పడవలో చోటు మనిషి మర్యాదను బట్టి కాదు, బరువును బట్టి. ఎడమ అంచుకొక భారీమనిషి, కుడి అంచుకొక భారీమనిషి దొరకువరకు అతడు గడకర్ర ముట్టడు. ఆనాడు ఎడమన, అహేరి సంతనుండి చామోర్షి సంతవరకు బట్టలమూటతో దిగ్విజయము చేయు పర్వతోదరుడు ఖలీముల్లా ఆసీనుడాయెను. కుడిన, బండి కూరుకుపోగా ఎడ్లను విప్పి తానే లాగిన ప్రచండభుజుడు, వరిపొలాల శంకరన్న కూర్చుండెను. నడుమ కిష్టమ్మ, ఒడిలో కుండ. పడవ కదిలెను.

అయ్యో విధీ! ఆ మహాకాయులిద్దరికీ పాతికేండ్ల స్నేహము, ఇరవైయేండ్ల వాదము: అమెరికా ముష్టియోధులు, తండ్రులనాటి జో లూయీ, తమనాటి అలీ ఎదురుపడినచో గెలుపెవరిదని. ముష్టియుద్ధమును ఇద్దరిలో ఒక్కడూ కండ్లతో చూసినవాడు కాదు. అయినను నడినదిలో ఖలీముల్లా గొంతు సవరించెను.

"శంకరన్నా, రాతిరంత సోంచాయించిన. నీ జో లూయీకి మా అలీ దొరకనే దొరకడు."

"ఎందుకు దొరకడు? మా నాయిన పెద్ద లడాయిల అస్సాం రోడ్డు పనికి పోయినప్పుడు, అమెరికా నల్ల సిపాయిలు చెప్పిండ్రట. లూయీ జర్మనోన్ని మొదటి గంట కొట్టినంక రెండో గంట కొట్టకముందే పండవెట్టిండు!"

"జర్మనోడు నిలవడ్డడు గనుక తగిలింది. అలీ నిలవడ్తడా? నిలవడ్డా గూడ తాడుకు ఒరిగి, కొట్టు బిడ్డా కొట్టు అంటడు. కొట్టెటోడే పరేషాన్ అయి అలిసిపోతడు. గప్పుడిస్తడు ఒక్కటి!"

"లూయీ గుద్దు తిన్నంక ఇచ్చుడెక్కడిది? దవఖానల లేస్తడు."

కిష్టమ్మకు ధర్మసందేహము కలిగెను. "కాలుతోని తన్నరా, ఖలీం?"

"తన్నద్దు పెద్దవ్వా, కానూన్ ఒప్పదు."

"కొరుకుడు?"

"తౌబా! కొరుకద్దు."

"జుట్టు వట్టుడు?"

"అది గూడ లేదు."

"ఇగ అదేం కొట్లాట బిడ్డా! మా బోరింగు కాడ పొద్దుగాల గంతకంటె మంచిగైతది."

ఆ వీరులు ఈ మాటను చెవిన బెట్టలేదు. "అలీ గిట్ల తప్పుకుంటడు!" అని ఖలీముల్లా లేచెను. "లూయీ గిట్ల దొరకవడ్తడు!" అని శంకరన్న లేచెను. అప్పుడు చూడవలె ఆ భయంకర దృశ్యము! పడవ ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి మొగ్గగా, ప్రాణహితాజలము అంచు దాటి లోనికి తొంగిచూడగా, బట్టలమూట దొర్లగా, జంగు "కూసోండ్రి, మీ కాల్మొక్త!" అని మొరపెట్టగా, గోవర్ధనమెత్తిన గోపాలునివలె కుండను రెండుచేతులా మీదికెత్తి, మోకాళ్లపై నిలిచి, కిష్టమ్మ సింహనాదము చేసెను.

"ఆగుండ్రి! మీ అలీని, మీ లూయీని ఇదే పడవల కూసోవెడ్త. గా దిక్కు అలీ, గీ దిక్కు లూయీ. ఇద్దరికి ఈత రాదు. నడుమ నా పెరుగు. అలీ దుంకితే మునుగుతడు, లూయీ లేసి గుద్దితే మునుగుతడు. మరి గెలిసెటోడెవడు? కదలకుంట కూసున్నోడు! ఎవడు ముందుగాల లేస్తే వాడు ఓడినట్టు!"

ఇద్దరూ ఒకేమారు ధబ్బున కూర్చుండిరి.

"లూయీ లేవడు," అనెను శంకరన్న.

"అలీ అసలుకే లేవడు," అనెను ఖలీముల్లా.

"సూద్దామా?"

"సూద్దాం!"

ఇక ఆ ఘోరసమరమును ఏమని వర్ణింతును! ఖలీముల్లా ముక్కుమీద ఒక ఈగ వాలి, విడిది చేసి, కాళ్లు కడుగుకొని, తీరిగ్గా ముఖమంతా ప్రదక్షిణము చేసినను ఆ ధీరుడు రెప్ప వేయలేదు. శంకరన్న వేళ్లనడుమ బీడీ కాలి కాలి చర్మము ముట్టినను ఆ శూరుడు చేయి విదల్చలేదు. చూపులే గుద్దులు, నిట్టూర్పులే గంటలు. ఆ నదిమీద అంత నిలకడగా ఏ పడవయు పోలేదని జంగు నేటికీ ఒట్టువేయును.

ఒడ్డు వచ్చెను. అందరూ దిగిరి. వారిద్దరు దిగలేదు.

"అవ్వా, వీళ్లను లేపు! తిరుగు గిరాకి నిలవడ్డది," అని జంగు వేడుకొనెను.

"లేపకు పిచ్చోడా. బరువోళ్లు దొరకరని రోజు ఏడుస్తవు గదా? ఇగ ఇద్దరు పర్మినెంటు!"

రేవులో రాజక్క నడుముపై చేయివేసుకొని నిలిచియుండెను. మోదుగాకు ఎత్తెను. మీగడ, పున్నమచంద్రుని పోలిక, మచ్చయైనను లేక మెరిసెను. కుండను వంచెను, చుక్క నీరు జారలేదు. వేలితో నొక్కెను, గడ్డ తిరిగి నొక్కెను. తప్పు వెతుకుచు కుండ అడుగు సైతము చూసెను. చివరకు మూతి ఇటుతిప్పి, అటుతిప్పి, "ఊఁ... పేరింది," అనెను. కాసేపటికి, ఎవరూ వినకుండా, "గింత మంచిగ ఎట్ల తెచ్చినవ్, వదినె?"

కిష్టమ్మ వెనుదిరిగి చూసెను. నడినదిలో పడవ సిరొంచకు మరలిపోవుచుండెను. దిగవలసిన ఒడ్డు దాటిపోవుచున్నను, ఎడమన ఒక గుట్ట, కుడిన ఒక గుట్ట, చలింపక కూర్చుండిరి.

"నేనేడ తెచ్చిన, వదినె? అలీ, లూయీ తెచ్చిండ్రు."

రెండు యుగముల మహామల్లుల నడుమ, రెండు ఒడ్డుల నడుమ, వియ్యపురాలి ఎదుట, సిరొంచ గేదెపెరుగు మీగడ చెదరక గెలిచెను! గెలిచెను! గెలిచెను!