మౌసు పట్టే కోడలు కావలెను

మన దేశంలో కులాన్ని చంపింది ఎవరని అడిగితే మీరు పెద్ద పెద్ద పేర్లు చెబుతారు. చెప్పండి, కాదనను. కానీ ఆ పుణ్యంలో సగం వాటా వీడియో గేములకి దక్కాలని నా మనవి!

నవ్వకండి. పీసీ గొప్పా, కన్సోల్ గొప్పా అంటూ కుర్రకారు ఇంటర్నెట్టంతా దుమ్మెత్తి పోసుకుంటున్నారని మీరు తెగ బాధపడిపోతున్నారు. అది బాధపడాల్సిన సంగతా? వరమండీ, వరం! మనిషన్నాక పక్కవాడికంటే ఒక మెట్టు పైన కూర్చోవాలనిపిస్తుంది. ఆ మెట్టు పుట్టుకతో వచ్చేదైతే కిందివాడు ఎన్ని తరాలైనా ఎక్కలేడు. అదే కొట్లో దొరికేదైతే? వాయిదాల మీద ఎక్కేయొచ్చు! ఇంతకు మించిన సమానత్వం ఏ రాజ్యాంగం ఇస్తుందండీ?

నమ్మకపోతే బెంగాల్లో మన తెలుగువాళ్ళ రైల్వే ఊరు ఖరగ్‌పూర్ రండి. న్యూ సెటిల్‌మెంట్‌లో ఏ రైల్వే క్వార్టరు తలుపైనా తట్టండి. కుర్రాళ్ళని మీరెవరని అడిగితే ఇంటిపేరు చెప్పరు, ఊరి పేరు చెప్పరు. దేని మీద ఆడతారో చెబుతారు.

కన్సోల్ వాళ్ళున్నారు. వాళ్ళది దర్జా. పెట్టె కొన్నారు, టీవీకి తగిలించారు, కంట్రోలర్ పట్టుకుని సోఫాలో జారబడ్డారు. పెట్టె లోపల ఏముందో వాళ్ళకి తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. ఫస్టు ఏసీలో పడుకున్నవాడు ఇంజను గురించి అడుగుతాడా?

పీసీ వాళ్ళ సంగతి వేరు. గంటసేపు ఆడాలంటే ముందు రెండు గంటలు కంప్యూటర్ డబ్బా విప్పాలి. ఫ్యాను తుడవాలి, గ్రాఫిక్స్ కార్డు పీకి మళ్ళీ గుచ్చాలి, అద్దం తలుపు వెనక రంగు దీపాలు వెలుగుతున్నాయో లేదో చూసుకోవాలి. రైల్వే వర్క్‌షాపు ఊరు కదా, ఏదో ఒకటి విప్పి బిగించకపోతే ఇక్కడివాళ్ళకి తోచదు. కంట్రోలర్‌తో గురిపెట్టేవాణ్ణి చూస్తే వీళ్ళకి జాలి. గురి కుదరడానికి గేమే సాయం చేస్తుందిట! సైకిలు నేర్చుకునే పిల్లాడి సీటు వెనక నాన్న పట్టుకున్నట్టని వీళ్ళ వెటకారం.

ఇక మొబైల్ వాళ్ళు. టోటో రిక్షాలో ఆడతారు, ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద ఆడతారు, గోల్‌బజార్‌లో చేప తూకం వేసేలోపు నలుగుర్ని కాల్చి పారేస్తారు. పైసా కట్టకుండా ఆడతారు కాబట్టి పై రెండు తెగలూ వీళ్ళని ‘వితౌట్ టికెట్’ అని పిలుస్తాయి. కరెంటు పోయిన సాయంత్రం మాత్రం సెటిల్‌మెంట్ అంతా వీళ్ళ రాజ్యమే!

అర్థమైందిగా? ఇప్పుడు మా కిరణ్‌కుమార్ దగ్గరికి వద్దాం.

కిరణ్ వర్క్‌షాపులో టెక్నీషియన్. తండ్రి ఎర్రయ్య అదే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అదే గేటులో అడుగుపెట్టాడు. కిరణ్ పీసీ మనిషి. ముప్పై దాటాయి, పెళ్ళి కాలేదు. కాకపోవడానికి కారణం అతనికి బాగా తెలుసు. దాని పేరు జెనీ.

జెనీ రిజర్వేషన్ కౌంటర్‌లో పనిచేస్తుంది. ఆమె తండ్రి తిమోతి గూడ్సు గార్డుగా చేసి రిటైరై, తెలుగు చర్చిలో సంఘపెద్దగా ఉన్నాడు. రెండు ఇళ్ళకీ మధ్య రెండే సందులు. అయినా ముప్పయ్యేళ్ళపాటు ఒకరి మొహం ఒకరు చూడలేదు. వీళ్ళు గుడివైపు నడిచారు, వాళ్ళు చర్చివైపు నడిచారు. చివరికి ఎక్కడ కలిశారు? పేరులేని ఒక ఎడారిలో, బాంబుల మధ్య! జట్టులో అందరూ హిందీలోనూ బెంగాలీలోనూ అరుస్తుంటే, హెడ్‌ఫోన్‌లో ఒక ఆడగొంతు తెలుగులో తిట్టింది.

“ఓరి బాబూ, గోడ ఎనక్కి రా! అక్కడేటి సేస్తన్నావు, సచ్చిపోతావు!”

కిరణ్ గోడ వెనక్కి వెళ్ళాడు. ఆ పూట బతికాడు. ఆ గొంతు లేకుండా మిగతా జీవితం గడవదని అతనికి త్వరలోనే తెలిసిపోయింది. చూశారా, నేను వరమని అన్నానంటే ఊరికే అన్నానా? రెండు సందులు కలపలేని మనుషుల్ని ఒక డబ్బా కలిపింది!

కానీ తల్లితో ఎలా చెప్పడం? సింహాచలమ్మ మనసు వెన్న. పక్కింటి బెంగాలీ దీదీకి జ్వరమొస్తే ఈవిడే జావ కాచి ఇస్తుంది. అయితే చెల్లెలి కొడుకు ఎవరినో ఇష్టపడి చేసుకుంటే మాత్రం ఈరోజు వరకూ ఆ ఇంటి గడప తొక్కలేదు. అమ్మ తన గడప కూడా అలాగే తొక్కకపోతే? ఆ తలపుకే కిరణ్‌కి అన్నం దిగేది కాదు. అమ్మ కావాలి, జెనీ కావాలి. ఇద్దరిలో ఎవరినీ వదులుకోలేడు.

అందుకని ఒక ఎత్తు వేశాడు. ఎంత గొప్ప ఎత్తో వినండి. పాత పట్టింపు పోగొట్టాలంటే దాన్ని పీకకూడదు, దాని చోట్లో కొత్త పట్టింపు నాటాలి!

మొదటి సంబంధం విశాఖ నుంచి వచ్చింది. అమ్మాయి శ్రావణి. కాఫీలు అయ్యాక ఇద్దర్నీ వరండాలో మాట్లాడుకోమన్నారు. దేని మీద ఆడతారని కిరణ్ అడిగాడు. కన్సోల్ అందామె. అతను నిట్టూర్చేలోపే శ్రావణి లేచి నిలబడింది.

“మీరు పీసీయా? వద్దులెండి. మీవాళ్ళు గేము కంటే సెట్టింగులు ఎక్కువ ఆడతారు.”

ఉభయులకీ సమ్మతంగా సంబంధం తప్పిపోయింది! కట్నం మాట లేదు, జాతకం మాట లేదు, ఎవరి పరువూ పోలేదు. పెళ్ళిళ్ళు ఇంత మర్యాదగా చెడిపోవడం మన చరిత్రలో ఎన్నడైనా ఉందా?

“కన్సోల్ పిల్లతో నేను బతకలేనమ్మా,” అన్నాడు కిరణ్ విషాదంగా. “మిగతాది ఏదైనా సర్దుకుంటాను. పీసీ పిల్లయితే సాలు.”

తల్లి నమ్మింది. కొడుకు కోసం నేర్చుకుంది కూడా. పాపం, ఎంత శ్రద్ధగా నేర్చుకుందో! నెల తిరిగేసరికి సింహాచలమ్మకి మౌసు గురికీ కంట్రోలర్ గురికీ తేడా తెలిసింది. గుళ్ళో పూజ అయ్యాక ఆడవాళ్ళని కూర్చోబెట్టి గ్రాఫిక్స్ కార్డు గురించి చెప్పసాగింది. కొడుకు డ్యూటీకి వెళ్తే డబ్బాకి దుమ్ము దులిపి, శుక్రవారాలు బొట్టు పెట్టేది. రాజమండ్రి నుంచి ఒక మొబైల్ సంబంధం వస్తే ఫోన్లోనే తేల్చేసింది.

“వొద్దమ్మా వొద్దు. సార్జింగయిపోతే ఆటే ఆగిపోతాదంట. అలాటి పిల్లతో కాపరమేటి, ఎలాగ నిలబడతాది? ఠిక్ ఆఛే, ఉంటాను మరి.”

“ఇదేటే, కులం అడగలేదు?” అన్నాడు ఎర్రయ్య పేపరు మీంచి తలెత్తి.

“కులాలూ గిలాలూ ఈ రోజుల్లో ఎవులు సూస్తన్నారయ్యా? పిల్లకి మౌసు పట్టడం రావాల. అదే సూడాల.”

ఆ మాట విని కిరణ్ లోపలి గదిలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. పాఠకులారా, మీరైనా తుడుచుకోరా? ఏ ఉపన్యాసమూ చేయలేని పని ఒక మౌసు చేసి చూపించింది!

ఇంకా ఆలస్యం ఎందుకని ఆదివారం జెనీని ఇంటికి రమ్మన్నాడు. పేరు చెప్పలేదు. “పీసీ పిల్ల వస్తోందమ్మా” అని మాత్రం చెప్పాడు. సింహాచలమ్మ కొత్త చీర కట్టి గారెలు వండింది. జెనీ చర్చి నుంచి తిన్నగా వచ్చింది. తెల్ల చీర, చేతిలో మల్లెపూల పొట్లం, ఆంటీ కోసం.

సింహాచలమ్మ పరీక్ష మొదలుపెట్టింది. జెనీ ఒక్క ప్రశ్నకీ తడుముకోలేదు. తన డబ్బా తానే బిగించుకుంది. విడిభాగాలు కలకత్తా వెళ్ళి తానే ఏరి తెచ్చుకుంది. మాటల మధ్యలో వెళ్ళి, నెలరోజులుగా గుర్రు పెడుతున్న కిరణ్ డబ్బా ఫ్యానుని ఒక్క స్క్రూ బిగించి నోరు మూయించింది.

“ఓలమ్మా! లక్ష్మీదేవిలాగుంది!” అంది సింహాచలమ్మ మురిసిపోతూ. “ఏటమ్మా నీ పేరు?”

“జెనీ అండి. తిమోతి గారమ్మాయిని. చర్చి సందులో ఉంటాం.”

సింహాచలమ్మ గారెల పళ్ళెం ఇవ్వబోతూ ఆగింది. తర్వాత ఇచ్చింది. ఇంకో రెండు వేసి మరీ ఇచ్చింది. మర్యాదకి లోటు చేసే మనిషి కాదు.

“ఏటే, మాటాడవు?” అన్నాడు ఎర్రయ్య. “నువ్వు కోరిన పీసీ పిల్లే కదా. మనోడూ పీసీయే. సరిపోయింది.”

“అదేనయ్యా నా బెంగ,” అంది సింహాచలమ్మ మెల్లగా. “ఇద్దరిదీ పీసీయే. ఒకే పీసీ అంటే ఒకే గోత్రం లెక్క కదా. అన్నాసెల్లెళ్ళవుతారు. ఎలాగ సేస్తాం?”

ఎర్రయ్య నిజంగానే ఆలోచనలో పడ్డాడు. “కులమైతే కలవాల, గోత్రమైతే కలవకూడదు. ఇంతకీ ఈ పీసీ అన్నది కులమా, గోత్రమా?”

“ఇన్నాళ్ళూ పీసీయే కావాలన్నావు కదమ్మా!” అన్నాడు కిరణ్.

“నాకు తెలీక అన్నాను నాయినా. ఇప్పుడే తట్టింది.”

జెనీ పళ్ళెం కింద పెట్టింది. పెళ్ళికోసం ఇంతకంటే పెద్ద త్యాగం ఏ గేమరూ చేసి ఉండడు. “అదేనా ఆంటీ? అయితే నేను కన్సోల్‌కి మారిపోతాను. రేపే కొనుక్కుంటాను.”

కిరణ్ ఆమె వైపు చూశాడు. ఆ డబ్బా ఆమెకి ప్రాణమని అతనికొక్కడికే తెలుసు.

సింహాచలమ్మ జెనీ తల నిమిరింది. ఆ నిమరడంలో నటన లేదు. “ఎర్రి పిల్లా! మారినంత మాత్రాన సరిపోద్దేటమ్మా? పుట్టుకతో వొచ్చింది ఎక్కడికి పోద్ది?”

నోరు మూసుకున్న ఫ్యాను చప్పుడు లేకుండా తిరుగుతోంది.

“అమ్మా,” అన్నాడు కిరణ్. “నువ్వు మాటాడతన్నది పీసీ గురించేనా?”

“మరి దేని గురించిరా?” సింహాచలమ్మకి కోపం వచ్చింది. “అలాటి మాట నా నోట ఏనాడైనా వొచ్చిందేటి?”

ఎలాంటి మాటో కిరణ్ అడగలేదు. జెనీ మల్లెపూలు బల్ల మీద పెట్టి, నమస్కారం చెప్పి బయటికి వచ్చేసింది. సందు మొగ దాకా కిరణ్ వెంట నడిచాడు. ఏం చెప్పాలో తెలియక, మీ ఇంట్లోనైనా ఒప్పుకుంటారా అని అడిగాడు.

“డాడీతో నిన్న సెప్పినాను,” అంది జెనీ. “నువ్వు మంచోడివే అన్నారు. పీసీ ఆడేవాడే కావాలంటే మన సంఘంలో లేరా అన్నారు.”

ఇద్దరూ నవ్వబోయారు. నవ్వు రాలేదు. తనని తప్ప ఎవరినీ చేసుకోనని కిరణ్ నడిరోడ్డు మీద ఒట్టు వేశాడు. అమ్మ అక్షింతలు వేయని పెళ్ళి ఎలా ఉంటుందో మాత్రం ఊహించుకోలేకపోయాడు. ఇంటికి వచ్చి చాలాసేపు ఆ డబ్బా ముందే కూర్చున్నాడు, స్విచ్ ఆపేసి.

ఇదీ సంగతి. ఇప్పటికైనా ఒప్పుకుంటారా ఇది వరమని? మన తాతలు అనాగరికులు. ఎందుకు వద్దంటున్నారో మొహం మీదే చెప్పి, చెడ్డపేరు మోసేవారు. ఇప్పుడు చూడండి, రెండిళ్ళు వెతికినా ఆ మాట ఎక్కడా వినపడలేదు! గారెలు పెట్టారు, తల నిమిరారు, మంచోడివే అన్నారు. ఎవరి మనసూ నొచ్చుకోలేదు, ఆ ఇద్దరిది తప్ప.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, పీసీ గొప్పా కన్సోల్ గొప్పా అన్న ఈ తగువు ఆగిపోవాలని మాత్రం పొరపాటున కూడా కోరుకోకండి. అది ఆగిపోతే, జెనీని ఎందుకు వద్దంటోందో సింహాచలమ్మ నిజం చెప్పాల్సి వస్తుంది.